ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో చదువుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నువ్వు రోజూ దిగే మెట్రో స్టేషనుకు పేరు పెట్టిన ఆ జొరావర్ ఆంద్రానిక్ ఎవరని అడిగావు. ఆ ఊరివాళ్లు ఆయనను జొరావర్‌గా, అంటే సేనాధిపతిగా తలుచుకుంటారు గాని, ఆయన ఫెదాయీగా, అంటే కొండల్లో తిరిగే సాయుధ పోరాటగాడిగా గడిపిన కాలాన్నే ముందు తెలుసుకోవాలని నా అభిప్రాయం.

ఆంద్రానిక్ ఒజానియన్ 1865లో ఒట్టోమన్ తుర్కుల ఏలుబడిలోని షాబిన్-కరాహిసార్‌లో పుట్టి, తండ్రి దగ్గర వడ్రంగం నేర్చుకున్నాడు. ఆర్మేనియన్లు నివసించే ప్రాంతాలలో సంస్కరణలు తెచ్చి, వారికి రక్షణ కల్పిస్తానని 1878 బెర్లిన్ ఒప్పందంలోని 61వ అధికరణం ద్వారా సుల్తాను మాట ఇచ్చాడు. ఆ మాట అమలును పర్యవేక్షించవలసిన యూరప్ రాజ్యాలు చూస్తూ ఉండగానే, 1894-96 మధ్య వేలకు వేలమంది ఆర్మేనియన్లు ఊచకోతకు గురయ్యారు. అర్జీలు పెట్టుకుని విసిగిన తరం ఆయుధం పట్టడం అందుకే నాకు వింతగా తోచదు.

1899లో, ఆర్మేనియన్లు నివసించే సాసూన్ అనే కొండ ప్రాంతంలో ఫెదాయీల దళనాయకుడు సెరోబ్ హతుడైన తరువాత ఆ బాధ్యత ఆంద్రానిక్ మీద పడింది. 1901 నవంబరులో ఆయన కొద్దిమంది అనుచరులతో ముష్ పట్టణం దగ్గరి అరకెలోత్స్ మఠంలోకి చేరి, చుట్టుముట్టిన సైన్యాన్ని వారాల తరబడి నిలువరించాడు. అంత సైన్యాన్ని ఓడించగలనని ఆయన అనుకోలేదు. ముష్‌లో ఉన్న విదేశీ కాన్సుల్‌ల, అంటే ఆయా దేశాల ప్రతినిధుల చెవిన తమ జనం గోడు పడాలన్నదే ఉద్దేశం. చివరికి ఒక రాత్రి మంచులో, ముట్టడిదారుల కళ్లుగప్పి అందరూ తప్పించుకున్నారు. కాన్సుల్‌లకు సంగతి తెలిసింది, పరిస్థితి మాత్రం మారలేదు. 1904లో సాసూన్ తిరుగుబాటును కూడా అణచివేయడంతో ఆయన దేశం విడిచాడు.

ఆ తరువాత బాల్కన్ యుద్ధంలో బల్గేరియా పక్షాన, 1914 నుంచి రష్యా సైన్యంలో ఆర్మేనియన్ స్వచ్ఛంద దళానికి నాయకుడిగా పోరాడాడు. అయితే 1918లో, ఇప్పటి ఆర్మేనియా దక్షిణాన ఉన్న జంగెజూర్ ప్రాంతంలో ఆయన దళాలు ముస్లిం గ్రామాలను ధ్వంసం చేసి, అక్కడివారిని వెళ్లగొట్టాయి. తన వాళ్ల ఊళ్లు కాలిపోవడం చూసినవాడు కదా అని నేను దానిని మన్నించలేను. ఆయన విగ్రహం ముందు నిలబడినప్పుడు నువ్వూ ఈ సంగతి మరువకు.

1919లో ఆర్మేనియన్ చర్చి ప్రధాన పీఠమైన ఎచ్మియాద్జిన్‌లో దళాన్ని రద్దు చేసి వెళ్లిపోయిన ఆయన, 1927లో కాలిఫోర్నియాలో కన్నుమూశాడు. ఫ్రెస్నోలో, తరువాత పారిస్‌లో ఉన్న ఆయన అస్థికలను 2000లో యెరెవాన్‌లోని యెరాబ్లూర్ శ్మశానానికి తరలించారు. మీ ఇంటి యజమానురాలు జంగెజూర్ గురించి ఏమంటారో వీలు చూసుకుని అడిగి, వచ్చే ఉత్తరంలో రాయి.

ఇట్లు,
మీ నాన్న