వార్షిక నివేదిక: ఈ ఏడాది మన పిల్లల కొలతలు

మన వాలీబాల్ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

రోజూ సాయంత్రం ప్రాక్టీసు, వేసవి శిబిరం, సంక్రాంతి పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. వానలకు కోర్టు గుంటలు పడితే ట్రాక్టరుతో మట్టి తోలించిన సభ్యుడికి, లైట్లకు తమ ఇంటి నుంచి కరెంటు ఇచ్చిన పెద్దాయనకు, శిబిరం అన్ని రోజులూ పిల్లలకు మజ్జిగ పంపిన అమ్మలకు సంఘం తరఫున కృతజ్ఞతలు. అంపైరింగ్ చేసిన ముగ్గురు పాత ఆటగాళ్ళు దారి ఖర్చులు కూడా తీసుకోలేదు. వాళ్ళ రుణం మనం తీర్చుకోవాలి.

ఇక ఈ ఏడాది నేను గర్వంగా చెప్పుకునే పని, వేసవి శిబిరంలో పిల్లలందరికీ శరీర కొలతలు తీయడం. కొందరు సభ్యులు "ఎత్తు చూడ్డానికి టేపెందుకు, కళ్ళు చాలవా" అన్నారు. చాలవని రెండు రోజుల్లో తేలిపోయింది.

ఎత్తు కొలిచే స్టాండు ఒక ఆఫీసులో ఖాళీగా పడి ఉందని తెలిసి మూడుసార్లు తిరిగాం. అర్జీ రాసిచ్చాం. "రేపు రండి" అనడం తప్ప ఇచ్చింది లేదు. చివరికి బడి వరండా గోడకే టేపు అంటించాం. మన సభ్యుడైన మేస్త్రి గారు తూకం గుండు వదిలి గోడ నిట్టనిలువుగా ఉందని చూశాకే పని మొదలుపెట్టాం. చెప్పులు లేకుండా, మడమలు, వీపు గోడకు ఆనించి, చూపు తిన్నగా ఉంచి నిలబెట్టాం. తల మీద మూలమట్టం పెట్టి అంకె చూశాం. అన్నీ ఉదయం పూటే తీశాం. పగలంతా తిరిగేసరికి వెన్నుపూసల మధ్య మెత్తటి భాగం కాస్త నొక్కుకుపోయి, సాయంత్రానికి మనిషి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాడు. ఒకరిని పొద్దున, ఇంకొకరిని సాయంత్రం కొలిస్తే ఆ పోలిక పనికిరాదు.

బరువు, కూర్చున్న ఎత్తు, చాచిన చేతుల పొడవు కూడా రాసుకున్నాం. వేళ్ళకు సుద్ద పూసి నిలబడి చెయ్యి ఎంతవరకు అందుతుందో, ఎగిరితే ఎంతవరకు అందుతుందో గోడ మీద గుర్తు పెట్టించాం. ఆ రెండు గుర్తుల మధ్య దూరమే ఎగురుడు. మూడు ప్రయత్నాల్లో మంచిది తీసుకున్నాం. ఒంట్లో కొవ్వు అంచనాకు చర్మం మడత మందం చూసే కాలిపర్‌ను ఒక వ్యాయామ అధ్యాపకులు తెచ్చి, తామే కొలిచారు. అమ్మాయిల కొలతలు పీఈటీ మేడం గారు గదిలో విడిగా తీశారు. ఆమె లేకపోతే ఆ సగం పని జరిగేదే కాదు.

కొలతలకు సాయం వస్తామని పేరిచ్చినవాళ్ళు ఇరవై మంది. వచ్చింది ఆరుగురు. రానివాళ్ళు కనీసం ఫోను చేసి ఉంటే పిల్లలను ఎండలో అంతసేపు వరుసలో నిలబెట్టేవాళ్ళం కాదు. ఇది బాధతోనే రాస్తున్నాను.

ఇంతకీ ఏం తెలిసింది? ఒకే ఎత్తున్న ఇద్దరు కుర్రాళ్ళకు చెయ్యి అందే ఎత్తులో బెత్తెడు తేడా ఉంది. మగవాళ్ళ నెట్ 2.43 మీటర్లు, ఆడవాళ్ళది 2.24. నెట్ మీద బంతిని ఆపేది తల కాదు, చెయ్యి. ఇన్నాళ్ళూ మనం తలలు చూసే స్థానాలు ఇచ్చాం.

పెద్ద స్థాయి జట్లలో కొలతలు చూస్తే నెట్ మధ్యలో నిలబడి ఎదుటివాళ్ళ స్మాష్‌ను ఆపే మిడిల్ బ్లాకర్లు, కుడివైపు నుంచి కొట్టే యూనివర్సల్ ఆటగాళ్ళు సాధారణంగా అందరికంటే పొడుగ్గా ఉంటారు. మిడిల్ వాడు నెట్ వెంబడి రెండు వైపులకూ పరిగెత్తి, సెట్టు పొడుగునా ఎగరాలి. అందుకే పొడుగు చేతులతో పాటు తేలికైన ఒళ్ళు కావాలి. ఎడమవైపు అటాకర్ స్మాష్ కొట్టడమే కాదు, ఎదుటివాళ్ళ సర్వీసూ అందుకోవాలి. స్మాష్ కొట్టేవాడికి బంతిని ఎత్తి అందించే సెట్టర్‌కు, అదే మనం లిఫ్టర్ అనే ఆటగాడికి, వేళ్ళూ బుర్రా ముఖ్యం. అయినా ముందు వరుసలో ఉన్నప్పుడు ఎదుటి అటాకర్‌ను బ్లాక్ చేయాల్సిందే కాబట్టి ఎత్తుంటే మేలు. 1998లో అంతర్జాతీయ ఆటలోకి వచ్చిన లిబరో, అంటే వెనక వరుసలో బంతిని కాపాడడానికే ఉండే ఆటగాడు, మామూలుగా జట్టులో అందరికంటే పొట్టి. అతను బ్లాక్ చేయకూడదు, నెట్ పై అంచు దాటి ఉన్న బంతిని అవతలికి కొట్టకూడదు.

అలాగని కొలతే తీర్పు కాదు. జపాన్ సెట్టర్ మసాహిరో సెకితా ఎత్తు 175 సెంటీమీటర్లే. 2016 రియో ఒలింపిక్స్‌లో ఉత్తమ ఆటగాడు బ్రెజిల్ లిబరో సెర్జియో. 2012 లండన్ ఫైనల్లో రష్యా రెండు సెట్లు పోగొట్టుకున్నాక 2.18 మీటర్ల మిడిల్ బ్లాకర్ ముసెర్‌స్కీని యూనివర్సల్ స్థానానికి మార్చారు. ఆ మ్యాచ్‌లో అతను 31 పాయింట్లు చేశాడు, రష్యా గెలిచింది. ఒక్క స్థానమే నేర్చుకున్నవాడైతే అది కుదిరేదా?

ఇక్కడ మన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఏడో తరగతిలో అందరికంటే పొడుగున్న ఒక బాబును మిడిల్లో నిలబెట్టి వదిలేశాం. పాసింగ్, అంటే వచ్చిన బంతిని తోటివాడికి అందించడం, నేర్పలేదు. రెండేళ్ళకు తోటివాళ్ళు అతన్ని దాటి పెరిగారు. ఏ స్థానానికీ పనికిరానని అనుకుని ఆ బాబు కోర్టుకు రావడమే మానేశాడు. అమ్మాయిలు సుమారు 12 ఏళ్ళప్పుడు, అబ్బాయిలు 14 ఏళ్ళప్పుడు వేగంగా పెరుగుతారు. కొందరు ముందు, కొందరు ఆలస్యంగా. అందుకే పదో తరగతి దాకా ప్రతి పిల్లా, పిల్లవాడూ అన్ని స్థానాల్లోనూ ఆడాలని కార్యవర్గం తీర్మానించింది. తల్లిదండ్రులు "మావాడు పొట్టి, వాడికేం వస్తుంది" అని పిల్లల ముందు అనవద్దని మనవి.

1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడిన పి.వి. రమణ గారు, 1990లో కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు అందుకున్న అరికపూడి రమణారావు గారు మన తెలుగువారే. ఆ దారిలో మన కోర్టు నుంచి ఒక్కరైనా వెళ్ళాలని నా కోరిక.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా ఇచ్చారు. బాకీలు లేవు. బంతులకే ఎక్కువ అయింది.

పిల్లల పేర్లున్న కొలతల రిజిస్టరు బీరువాలో ఉంది. ఎవరి కొలతలు వారి తల్లిదండ్రులకే చూపిస్తాం. రెండో విడత దసరా సెలవుల్లో, అదే గోడ దగ్గర, ఉదయం ఆరింటికి. సాయానికి పేరివ్వాలనుకునేవారు ఈ రోజు సమావేశం అయ్యాక నా దగ్గర సంతకం చేసి వెళ్ళండి. ఆ బాబు ఇంటికి నేనే వెళ్ళి రమ్మని చెప్పి వస్తాను.

కార్యదర్శి