చెన్నైలో మా బాబుకు తోడు నిలిచినవారికి

మా బాబుకు శస్త్రచికిత్స జరిగి ఈ రోజుకు ఎనిమిది రోజులు. నిన్న సాయంత్రం వాడు తనంతట తానే విరేచనం చేశాడు. మూడు నెలలుగా ఆ ఒక్కదాని కోసమే ఎదురుచూసిన ఇల్లు మాది. నిద్రలేమితో కళ్లు మండుతున్నా, ఆలస్యమైతే ఎవరినైనా మరిచిపోతానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

వాడిది హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి. కోపెన్‌హేగెన్‌లో పిల్లల వైద్యుడైన హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో వివరించిన ఈ జబ్బు సుమారు 5,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. పెద్దపేగు చివరి భాగంలో నాడీకణాలు ఉండవు. ఆ భాగం సడలదు కనుక మలం దానికి పైనే నిలిచిపోయి పొట్ట ఉబ్బుతుంది. సాధారణంగా ఒక రోజులోపే పోయే నల్లని తొలి మలం మా వాడికి రెండు రోజులైనా పోలేదు. అయినా ప్రసవం జరిగిన చోట ఆ సంగతి ఎవరూ అడగకుండానే మమ్మల్ని ఇంటికి పంపించివేశారు.

ఏడో నెలలో గ్రహణం నాడు నేను కూరగాయలు తరిగినందుకే ఇలా జరిగిందని చూడవచ్చినవారిలో ఒకరు అన్నారు. నమ్మలేదనే అనుకున్నాను గాని, రాత్రిళ్లు ఆ కత్తిపీటే కళ్ల ముందు మెదిలేది.

జన్యు పరీక్ష కోసం రక్తం తీసిన ఒక ఉద్యోగిని నా ముఖం చూసి, పని ముగిశాక మెట్ల మీద నా పక్కన వచ్చి కూర్చున్నారు. ఆమెది చాకలిపేటలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడే తెలుగే తప్ప రాయడం రాదట. అందుకని పాత రసీదు వెనుక బొమ్మ గీశారు. పేగులో నాడీకణాలుగా మారవలసిన కణాలు పిండం మెడ వెనుక నుంచి బయలుదేరి పేగు వెంట పైనుంచి కిందికి నడుస్తూ, వృద్ధి చెందుతూ, ఐదో వారం నుంచి పన్నెండో వారం లోపల మలద్వారం దాకా చేరుకోవాలని, పేగు గోడ విడుదల చేసే జీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను ఆ కణాల మీది రెట్ అనే గ్రాహకం అందుకుంటేనే ఆ నడక సాగుతుందని, రెట్ బలహీనమైతే కణాలు దారిలోనే ఆగిపోతాయని చెప్పారు. "ఈ కణాలు నడక మొదలుపెట్టేటప్పటికి నీకు కడుపుతో ఉన్న సంగతైనా తెలుసునో లేదో చూసుకో అమ్మా. నీ గ్రహణం ఏడో నెలలో కదా, వీటి నడక మూడో నెలకే ముగిసిపోయింది" అన్నారు. ఆ మెట్ల మీదే నేను వెక్కివెక్కి ఏడ్చాను. నేను తేరుకునేదాకా ఆమె లేవలేదు.

ఫలితం వచ్చాక మళ్లీ కుంగిపోయాను. ఆ రెట్ గ్రాహకాన్ని తయారుచేయించే, 10వ క్రోమోజోము మీద ఉండే రెట్ జన్యువుకు ఈ జబ్బుతో ఉన్న సంబంధం 1994లోనే తేలింది. బాబులో కనిపించిన మార్పు అదే జన్యువులో, నాలోనూ ఉంది. ఈసారి ఆమె వార్డు దాకా వచ్చారు. ఆ మార్పు ఉన్నవారందరికీ జబ్బు రాదని, అదే జన్యువును నియంత్రించే చోట ఉండే చిన్న తేడాలు, ఈడీఎన్‌ఆర్‌బీ వంటి ఇతర జన్యువులలోని తేడాలు కూడా తోడవుతాయని, మగపిల్లల్లో ఇది ఆడపిల్లల కంటే సుమారు నాలుగింతలు ఎక్కువని ఓపికగా వివరించారు. "నీకు తెలిసి ఇచ్చింది కాదు, నీకు తెలియకుండా వచ్చింది" అన్న ఆమె మాట, ఆ రసీదు రెండూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

నాడీకణాలు లేని భాగాన్ని తొలగించి, పై పేగును కిందికి దించి అతికిన శస్త్రవైద్యుల బృందానికి మా నమస్కారాలు. మావారికి, అమ్మకు, అత్తయ్యకు కూడా.

పుట్టుకతో వచ్చిన లోపమంటూ బీమా సంస్థ ఒక్క రూపాయి ఇవ్వలేదు. పసిబిడ్డకు పుట్టుకతో వచ్చే జబ్బుకు కాక మరి దేనికి రక్షణ ఇస్తారో నాకు అర్థం కావడం లేదు.

రాత్రి విధుల్లో ఉండి పేగు కడగడం నాకు నేర్పిన నర్సమ్మ గురించి రాయడం మరిచాను, క్షమించాలి. వానలో ఎగ్మూరు స్టేషను దగ్గర మా కోసం ఆగిన ఆటో అన్నకు, రక్తం ఇచ్చిన ఇద్దరు కళాశాల విద్యార్థులకు కృతజ్ఞతలు. పక్క మంచం తల్లి తన బిడ్డ దుప్పటి మా వాడికి కప్పి, ముందే డిశ్చార్జి అయి వెళ్లిపోయారు. ఆ దుప్పటి ఉతికి ఉంచాను. ఇది ఆమె కంటపడితే తెలియజేయాలి, పంపిస్తాను.