"నీ దేవుడు" అన్నావు కదా, చిన్నా

విశాఖపట్నం
2025 అక్టోబరు 12

చిన్నా,

మే నెలలో నువ్వొచ్చినప్పుడు, తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో నడుస్తూ సబ్‌మెరైన్ దాటాక ఒక మాట అడిగావు. "అమ్మా, నేనిలా ఉండటం నీ దేవుడికి ఇష్టమేనా?" అని. నువ్వు మగవాళ్లనే ఇష్టపడటం గురించే అని నాకు తెలుసు. నేను జవాబు చెప్పలేదు. ఎండెక్కుతోంది, ఇంటికి పోదాం అన్నాను. ప్రశ్న కంటే ఆ "నీ దేవుడు" అన్న మాటే గుచ్చుకుంది. సండే స్కూల్లో కంఠత వాక్యాలన్నీ గడగడా అప్పజెప్పి ప్రైజులు తెచ్చుకున్న పిల్లాడివి. ఆయన నా ఒక్కదాని దేవుడు ఎప్పుడైపోయాడు? ఈ అయిదు నెలలూ ఇదే ఆలోచన. ఫోన్లో చెబితే మధ్యలో ఏడుస్తాను, నువ్వు "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు 2012 సంగతి చెప్పాలి. నీ ఇంటర్ సెకండియర్. నీ నోట్సులో ఆ ఉత్తరం దొరికాక, మీ డాడీకి కూడా చెప్పకుండా నిన్ను బస్సెక్కించి ఒక ప్రార్థన కూటానికి తీసుకెళ్లాను. మూడు రోజుల ఉపవాసం. మంచినీళ్లు కూడా లెక్కపెట్టి ఇచ్చారు. ఆ పెద్దమనిషి నీ తల మీద చెయ్యి వేసి, లోపలున్నదాన్ని బయటికి రమ్మని అరుస్తుంటే నీ మోకాళ్లు వణకడం చూశాను. నర్సుని నేను. అలా వణికే పేషెంటు కనబడితే ముందు కూర్చోబెట్టి పల్స్ చూసేదాన్ని. నా కొడుకు దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుని "ఆమేన్" అంటూ నిలబడ్డాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టి, "అమ్మా, పోయిందనుకుంటా" అన్నావు. నేను స్తోత్రం చెప్పుకుని, ఆదివారం మందిరంలో కృతజ్ఞత కానుక కూడా వేశాను. ఆ మాట నువ్వు నా కోసం అన్నావని తెలియడానికి నాకు ఏళ్లు పట్టింది. పదిహేడేళ్ల పిల్లాడు తల్లిని ఓదార్చడానికి అబద్ధమాడాడు. నన్ను క్షమించు నాన్నా.

ఇంకొకటి కూడా ఉంది. 2018 సెప్టెంబరు 6 సాయంత్రం బెంగళూరు నుంచి ఫోన్ చేశావు. మీలాంటి వాళ్లను నేరస్తుల్ని చేస్తూ ఇంగ్లీషువాళ్లు 1860లో రాసిపెట్టిన 377 సెక్షన్, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్లకు ఇక వర్తించదని సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిలు తేల్చిన రోజు. నీ గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్లయిందో. పొయ్యి మీద కూర ఉంది, తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు. ఆ తీర్పులో జస్టిస్ ఇందు మల్హోత్రా, ఈ మనుషులకూ వాళ్ల కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలని రాశారు. కుటుంబాలకు కూడా అన్నారు ఆవిడ. నాకెవరూ చెప్పనక్కర్లేదు. చెప్పాల్సినదాన్ని నేను.

ఇక నువ్వడిగినదానికి వస్తాను. ఇది పుట్టుకతో వచ్చిందా, కోరి తెచ్చుకున్నదా అని నేనూ చాలా రోజులు కొట్టుకున్నాను. మేం నర్సింగ్ చదివేటప్పుడు ఇది జబ్బుల జాబితాలోనే ఉండేది. అమెరికాలో సైకియాట్రిస్టులు 1973లోనే తీసేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది, నువ్వు పుట్టడానికి అయిదేళ్ల ముందు. అంటే నిన్ను ఆ కూటానికి లాక్కెళ్లేనాటికి అది జబ్బు కాదని చెప్పి 22 ఏళ్లయింది. 2019లో దాదాపు 5 లక్షల మంది జన్యువుల్ని పరిశీలించారు. దీనికంటూ ఒక్క జన్యువు లేదు, చాలా జన్యువులు తలా కాస్త పనిచేస్తాయి, వాటిని చూసి ఏ మనిషి గురించీ ముందే చెప్పలేం అని తేలింది. చదివి మొదట నిరాశపడ్డాను. ఒక్కటే కారణం దొరికితే కాగితం మీ పెద్దమ్మ ముందు పెట్టి నోరు మూయించొచ్చని నా ఆశ. తర్వాత అనిపించింది, మనిషి ఎత్తుకి కూడా ఒక్క జన్యువంటూ లేదు. నీ ఎత్తు నువ్వు ఎంచుకున్నావా? దీన్ని మారుస్తామని చేసే వైద్యాలు పనిచెయ్యవు, హాని చేస్తాయి. అలాంటివి చేస్తే డాక్టరు వృత్తిధర్మం తప్పినట్టేనని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. అయినా ఇవన్నీ నాకు ఎందుకు కావలసి వచ్చాయి? నువ్వు ఎంచుకున్నదే అయితే ఆ మూడు రోజుల్లోనే వదిలేసి ఉండేవాడివి. నీ మోకాళ్లు నేను చూశాను.

కానీ పుట్టుకతో వచ్చిందని తెలిసినంత మాత్రాన నా మనసు నెమ్మదించలేదు. కోపం పుట్టుకతోనే వస్తుంది, అసూయ కూడా అంతే. ప్రసవాల వార్డులో ముప్ఫై ఏళ్లు చేసినదాన్ని, ప్రకృతి చేసేదంతా మంచే అని అనలేను. డాక్టర్లు చెప్పేది నువ్వు ఎలా ఉన్నావో చెబుతుంది. నువ్వడిగింది దేవుడి గురించి. అందుకే మీ తాతగారి బైబిలు తీశాను.

మొదటి కొరింథీ 6:9 దగ్గర, దేవుని రాజ్యానికి వారసులు కారని చెప్పినవాళ్లలో "ఆడంగితనము గలవారు" అన్న మాట మీద వేలు ఆగిపోయింది. స్కూల్లో నిన్ను ఏడిపించిన మాట. కోపంలో ఒకసారి నేనూ అన్నాను, నీకు గుర్తుండే ఉంటుంది. అక్కడున్న గ్రీకు మాటకి అర్థం "మెత్తనివాళ్లు" అని. ఇంగ్లీషు బైబిల్లో ఆ వచనంలోకి "హోమోసెక్సువల్స్" అన్న పదం మొదటిసారి వచ్చింది 1946లో. మాట మారుతూ వచ్చిందని నాకు అప్పటిదాకా తెలియదు. మన ఊళ్లో కూడా కదా తెలుగు బైబిలు పని జరిగింది! 1805లో లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డిగ్రాంజ్ అని ఇద్దరు ఇక్కడ దిగి, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగు చేయడానికి కూర్చున్నారు. 1812లో మూడు సువార్తలు అచ్చయ్యేసరికి ఆ ఇద్దరూ బతికి లేరు. మనం కళ్లకద్దుకునే ప్రతి తెలుగు మాటనూ మనుషులే వెతికి వెతికి పెట్టారు. నిన్ను ఆడంగి అన్నది మనుషులు. నేను.

దేవుడు కాల్చేసిన సొదొమ పట్టణం చేసిన పాపం ఇదేనని మన పాస్టర్లు చెబుతారు. యెహెజ్కేలు 16:49 చెప్పే పాపం మాత్రం గర్వం, కడుపునిండా తిండి ఉండి కూడా దరిద్రుల్ని ఆదుకోకపోవడం. దీన్ని తప్పుపట్టే వచనాలు లేవీయకాండంలో, రోమా పత్రికలో ఉన్న మాట నిజమే. లేవని చెప్పి నిన్ను మభ్యపెట్టను.

కానీ ఇది విను. ద్వితీయోపదేశకాండం 23లో నపుంసకుడు దేవుని సమాజంలో చేరకూడదని ఉంది. యెషయా 56లో అదే నపుంసకుడికి, కొడుకులూ కూతుళ్లూ ఉన్నదానికంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానంటాడు దేవుడు. అపొస్తలుల కార్యములు 8లో రథం మీద వెళుతున్న ఐతియొపీయ నపుంసకుడు, సువార్త చెప్పిన ఫిలిప్పుని, ఇదిగో నీళ్లు, నాకు బాప్తిస్మమివ్వడానికి ఆటంకమేమిటి అని అడుగుతాడు. ఫిలిప్పు ఆ 23వ అధ్యాయం తీసి చూపించలేదు. అతనితో కలిసి నీళ్లలోకి దిగాడు. నువ్వూ అతనూ ఒకటని నేననడం లేదు. శరీరాన్ని బట్టి గుమ్మం బయట నిలబెట్టిన మనిషిని అదే గ్రంథం లోపలికి తీసుకొచ్చింది. ఎన్నిసార్లు చదివానో. చదివినప్పుడల్లా రథం మీద నువ్వే కనబడతావు. అడిగావు కూడా. నేను ఎండెక్కుతోంది అన్నాను.

ఇష్టమే చిన్నా. నువ్విలా ఉండటం ఆయనకి ఇష్టమే అని నేను నమ్ముతున్నాను. నీ చెల్లిని అడిగేదే నిన్నూ అడుగుతాను, ఎవరితో బతికినా మోసం చెయ్యకు, చెయ్యి వదలకు. అంతకుమించి ఏమీ అడగను.

నా భయాలు నాకున్నాయి. మీలాంటి వాళ్ల పెళ్లికి గుర్తింపు ఇవ్వలేమని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. వార్డులో "రక్తసంబంధీకులెవరు?" అని ఎన్ని వందలసార్లు నేనే అరిచి ఉంటానో. రేపు నీకు ఆపరేషన్ అంటే ఆ ఫారం మీద సంతకం ఎవరు పెడతారని రాత్రి నిద్ర పట్టదు. మీలాంటి జంటలు జాయింట్ అకౌంట్ తెరవొచ్చని, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చని 2024 ఆగస్టులో కేంద్రం స్పష్టంగా చెప్పిందట. ఆ పనైనా వెంటనే చేసుకోండి.

నిన్ను మందిరానికి రమ్మని అడగను. నేను మాత్రం మానను. పోయిన నెల స్త్రీల కూటంలో ఒకావిడ ఈ సంగతి తీసి ఏదో అంటుంటే, "వాళ్లు కూడా మన ఇళ్లలోనే పుడతారమ్మా" అన్నాను. నీ ఊసెత్తలేదు, అది నువ్వు చెప్పుకోవాల్సింది. కూటమయ్యాక చెప్పుల దగ్గర ఇంకొకావిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏమీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

మేట్రిమోనీలో పెట్టిన నీ ప్రొఫైల్ తీసేశాను. మీ డాడీకి అంతా చెప్పాను. ఆయన లేచి డాబా మీదకి వెళ్లి, రాస్ హిల్ వైపు చూస్తూ చీకటిపడేదాకా కూర్చున్నారు. మర్నాడు ఎలక్ట్రీషియన్ని పిలిచి పై గదిలో ఫ్యాను బాగుచేయించారు. రెండో మంచం కూడా అక్కడికే ఎక్కించమన్నారు.

ఇంకో పది రోజుల్లో క్రిస్మస్ టికెట్లు మొదలవుతాయి. ప్రశాంతిలో ఆ రోజులకి బెర్తులు వెంటనే అయిపోతాయి, పొద్దున్నే చూసుకో. ఇద్దరికీ తియ్యి.

అమ్మ