చిట్టీ, పిల్లల బడి గురించి

తిరుమలగిరి, సికింద్రాబాద్
జనవరి, ఆదివారం మధ్యాహ్నం

ఒసే చిట్టీ,

ఎలా ఉన్నావే? అన్నయ్యకి ఆర్మీలో ఫీల్డ్ పోస్టింగ్ వచ్చిందని చెబుతూనే పిల్లల బడి సంగతి ఎత్తావు. నిన్న ఫోన్లో సగం మాటలు తెగిపోయాయి. అందుకే తీరిగ్గా రాస్తున్నా. చదివి అన్నయ్యకి కూడా చూపించు.

ముందు పెద్దోడి గురించి. వాడు జబల్‌పూర్‌లో కేవీలోనే (కేంద్రీయ విద్యాలయంలోనే) చదువుతున్నాడు కాబట్టి నీకు సగం బరువు దిగినట్టే. కుటుంబాన్ని తీసుకెళ్లలేని చోటికి మనవాళ్లకి పోస్టింగ్ పడితే, మనం కాపురం పెట్టుకున్న ఊళ్లో కేవీలో పిల్లల్ని చేర్చుకోవడానికి ప్రత్యేకంగా నిబంధన ఉంది. చేతిలో కేవీ టీసీ, పోస్టింగ్ ఆర్డర్ ఉంటే సీట్లు నిండిపోయాయన్న భయం అక్కర్లేదు. అసలు ఆ బళ్లు పుట్టిందే మనలాంటి వాళ్ల కోసం. 1963లో రెజిమెంట్ల దగ్గరున్న 20 బళ్లను తీసుకుని సెంట్రల్ స్కూళ్లుగా మొదలుపెట్టారు. సిలబస్ ఒకటే, పుస్తకాలు ఒకటే. ఊరు మారినా వాడికి పాఠం తెగదు.

ఇప్పుడు అసలు సంగతి. "నీ దగ్గరికే వచ్చేస్తానే, పక్క పక్క క్వార్టర్లు తీసుకుందాం" అన్నావు. నువ్వు వస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరే. ఇక్కడ కంటోన్మెంట్ చుట్టూ పికెట్, తిరుమలగిరి, బోయిన్‌పల్లి, బొల్లారం, ఎటు చూసినా కేవీలే. అయినా పెద్దోడి కోసం నువ్వు అత్తయ్యగారి ఊరు విజయనగరమే వెళ్లాలని నా మాట.

ఎందుకంటే వాడు ఏప్రిల్‌లో తొమ్మిదిలోకి వస్తాడు. రేపు ఇంజనీరింగ్‌కో డాక్టరీకో వెళ్లినప్పుడు 'లోకల్' అనిపించుకోవాలంటే పన్నెండో తరగతి పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివుండాలి. అంటే తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. ఆ నాలుగూ సికింద్రాబాద్‌లో చదివితే వాడు తెలంగాణ లెక్కలోకి వస్తాడు. విజయనగరంలో చదివితే ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో లోకల్. రెండేళ్లు అక్కడ, రెండేళ్లు ఇక్కడ చదివితే ఎటూ కాకుండా పోతాడు. మా ఎదురు క్వార్టర్ వాళ్ల అబ్బాయికి ఇదే జరిగింది. పది దాకా పఠాన్‌కోట్, తర్వాత ఇక్కడ. మంచి ర్యాంకు వచ్చింది, సర్టిఫికెట్ల పరిశీలన రోజు నాన్ లోకల్ అన్నారు. ఆ తల్లి ఏడుపు నేను కళ్లారా చూశాను. సైనికుల పిల్లల కోటా, అదే క్యాప్ కోటా, ఉందిగా అంటావేమో. ఉంది. కానీ అందులో ముందు యుద్ధంలో ప్రాణాలిచ్చిన వాళ్ల పిల్లలు, గాయపడి వికలాంగులైన వాళ్ల పిల్లలు వస్తారు, అది న్యాయం కూడా. సర్వీసులో ఉన్న మనవాళ్ల వంతు బాగా కిందుంటుంది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

అన్నయ్య ఫీల్డ్ నుంచి వచ్చాక ఇంకో మంచి స్టేషన్ వస్తుంది, అందరం కలిసి ఉండొచ్చు అని నీకు ఆశగా ఉంటుంది. నాకు తెలుసు. అప్పుడు కూడా పెద్దోణ్ణి కదపకు. అత్తయ్యగారింట్లో ఉంచైనా పన్నెండు అయ్యేదాకా అక్కడే చదివించు.

చిన్నదాని దారి వేరు. అది ఇప్పుడు ప్రైవేటు బళ్లో ఉంది కాబట్టి దానికి కేవీ టీసీ లేదు, కొత్తగా ఒకటో తరగతికి దరఖాస్తు పెట్టాలి. మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండాలి, మొన్న సంక్రాంతికి నిండాయి కాబట్టి బాధ లేదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, ఆపైన లాటరీ. మనది మొదటి కేటగిరీ, అందులో కూడా గత ఏడేళ్లలో తండ్రికి ఎన్ని బదిలీలయ్యాయో చూసి ముందూ వెనకా వేస్తారు. ఇక్కడ జాగ్రత్త. ఒక చోట కనీసం ఆరు నెలలుండాలి, రెండు చోట్లకీ మధ్య 20 కిలోమీటర్లైనా ఉండాలి, అప్పుడే దాన్ని బదిలీగా లెక్కేస్తారు. సర్వీస్ సర్టిఫికెట్లో ఆ సంఖ్య అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించి, సంతకం కింద ఆఫీసర్ పేరు, ర్యాంకు, యూనిట్ గుండ్రటి సీలు స్పష్టంగా పడేలా చూడు. సీలు అలుక్కుపోయిందని మా ముందు నిలబడ్డ ఒకావిణ్ణి వెనక్కి పంపేశారు. వాళ్లాయన సియాచిన్‌లో ఉన్నాడు, మళ్లీ కాగితం రావడానికి ఎన్నాళ్లు పట్టుంటుందో ఆలోచించు. అన్నయ్య బయల్దేరేలోపే రెండు కాపీలు చేయించి పెట్టుకో.

ఫీజు సంగతి నీకు తెలిసిందే. ఎనిమిది దాకా ట్యూషన్ ఫీజు లేదు, ఆడపిల్లకి పన్నెండు దాకా లేదు. బడి వికాస నిధి అని నెలకి 500 కట్టాలి. మన చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్స్ 2024 జనవరి నుంచి ఒక్కో బిడ్డకి నెలకి 2,812 రూపాయల 50 పైసలు అయింది. బడి నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ తీసుకుని ఏడాది చివర క్లెయిమ్ పెట్టించు. ఆర్మీ పబ్లిక్ స్కూళ్లూ బాగుంటాయి, ఇక్కడ మూడున్నాయి. ఫీజు మాత్రం కేవీ కంటే చాలా ఎక్కువ, విజయనగరం వెళ్లేదానివి ఆ ఆలోచన నీకు అనవసరం.

కోరుకొండ సైనిక్ స్కూల్ గురించి అడిగావు కదా. పెద్దోడికి ఈ ఏడాది గడువు దాటిపోయింది. చిన్నది ఆరుకి వచ్చినప్పుడు తప్పకుండా రాయించు. 2021 నుంచి ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు, కొన్ని సీట్లు సైనికుల పిల్లలకే.

ఇంకొకటి, ఇది నా మనసుకి దగ్గరి సంగతి. మావాడు నాయనమ్మకి ఉత్తరం రాస్తే తెలుగు మాటలన్నీ హిందీ అక్షరాల్లో రాశాడు. ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి, పక్కింటి పిల్ల చేత చదివించుకుందట. కేవీలో 15 మంది పిల్లలు కావాలంటే ప్రాంతీయ భాషకి టీచర్ని పెడతారు. మేం నలుగురం ఆడవాళ్లం సాయంత్రాలు క్వార్టర్ క్వార్టర్‌కీ తిరిగి సంతకాలు చేయించాం. ఒరియా వాళ్లు, తమిళులు కూడా "మా పిల్లలూ నేర్చుకుంటారు" అని పెట్టారు. ఇప్పుడు వారానికి కొన్ని క్లాసులు జరుగుతున్నాయి, గుణింతాలు దాటి ఒత్తుల్లోకి వచ్చాడు. విజయనగరంలోనూ కేవీలో తెలుగు ఉందో లేదో మొదటి రోజే అడుగు. లేకపోతే నువ్వే సంతకాలు మొదలుపెట్టు, అక్కడ 15 మంది దొరకడం ఎంతసేపు!

పెద్దోడి వార్షిక పరీక్షలయ్యేదాకా టీసీ తియ్యకు. రిజల్ట్ వచ్చాకే తీసుకో, మార్కుల షీటు కూడా అప్పుడే చేతికొస్తుంది. పోస్టింగ్ ఆర్డర్ ఫోటో నాకు వాట్సాప్ చెయ్యి, మా ఆయన చూసి కేవీకి ఇవ్వాల్సిన కాగితాలేమిటో రాసిస్తానన్నాడు. అన్నయ్యకి ఉన్ని బనీన్లు ఇక్కడ క్యాంటీన్‌లో మంచివొచ్చాయి, సైజు చెబితే కొని పంపిస్తా.

నీ
లచ్చి