రేవు ఛానెల్ తవ్వేముందు నవంబరు నీళ్ళు కొలవండి

సంపాదకుల వారికి నమస్కారం.

నిండా సరుకుతో వచ్చే కేప్‌సైజ్ ఓడ (బొగ్గు, ఖనిజం మోసే అతి పెద్ద రకం) నీళ్ళలో దాదాపు 18 మీటర్లు మునిగి ఉంటుంది. దాని అడుగుకూ సముద్రం నేలకూ మధ్య ఆ లోతులో మరో పది పదిహేను శాతం మేర నీళ్ళు మిగలాలి. ఓడల సైజు పెరుగుతున్నకొద్దీ మన నెల్లూరు జిల్లా రేవులైన కృష్ణపట్నంలోనో, రామాయపట్నంలోనో ఛానెల్ (ఓడలు రేవులోకి వచ్చేందుకు తవ్విన దారి) లోతు పెంచే ప్రతిపాదన ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. రావద్దని మేం అనడం లేదు. దానితో పాటు పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక కూడా వస్తుంది కదా, అందులో కొలతలు ఏ నెలల్లో తీశారో అందరికంటే ముందు అది చూడమంటున్నాం.

ఇలాంటి నివేదికలకు వర్షాకాలం వదిలేసి ఒక్క సీజన్‌లో కొలతలు తీస్తే చాలన్న అలవాటు ఉంది. దేశంలో చాలా చోట్ల వర్షాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. మనకు వాన, వరద, తుఫాను మూడూ ఎక్కువగా అక్టోబరు–డిసెంబరు మధ్యే. మార్చి–మే నెలల్లో కొలతలు తీసుకుని వెళ్ళిపోతే అప్పుడు కృష్ణపట్నం దగ్గర కండలేరు సముద్రంలో కలిసే ముఖద్వారంలో ఉండేది పోటు పాటుల నీరే. పోటుకూ పాటుకూ నీటిమట్టం తేడా కూడా మన తీరంలో మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ప్రవాహం మెల్లగా, నీరు తేటగా కనిపిస్తుంది. ఆ అంకెలతో కంప్యూటర్ నమూనా నడిపితే తవ్వకంలో లేచే బురద దగ్గర్లోనే అణిగిపోతుందని జవాబు వస్తుంది. నమూనా అబద్ధం చెప్పదు, మనం ఇచ్చిందే తిరిగి చెబుతుంది.

నవంబరులో సంగతి వేరు. ఎండాకాలంలోనూ, నైరుతి గాలులప్పుడూ తీరం వెంట ఉత్తరానికి నడిచే ప్రవాహం ఈశాన్య రుతుపవనాలతో దక్షిణానికి తిరుగుతుంది. పెన్న సముద్రంలో కలిసేది కృష్ణపట్నానికి ఉత్తరాన. అంటే 2021 నవంబరులో వచ్చినలాంటి వరదతో పెన్న మోసుకొచ్చే ఒండ్రు దక్షిణంగా, రేవు వైపే కదులుతుంది. అదే సమయంలో కండలేరు కూడా ఎగువ నుంచి మట్టి తెస్తుంది. ఛానెల్‌లో ఏటా ఎంత పూడిక పడుతుందో ఎక్కువగా తేల్చేది అక్టోబరు–డిసెంబరు మూడు నెలలే. కాబట్టి నీటి ప్రవాహాన్ని కొలిచే కరెంట్ మీటర్లు రెండు సీజన్లలోనూ దింపాలి. ప్రతిసారీ కనీసం పదిహేను రోజులు ఆపకుండా ఉంచితే అమావాస్య, పౌర్ణమి పోట్లూ, అష్టమి నాటి బలహీనమైన పోట్లూ రెండూ పడతాయి. పైన, నడుమ, అడుగున మూడు మట్టాల్లో నీటి నమూనాలు తీయాలి. పైనీళ్ళు తేటగా ఉండి అడుగున బురద నడవడం ఇక్కడ మామూలే.

బురద ఎంత దూరం పోతుందో చిన్న లెక్కతోనే తెలుస్తుంది. 200 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఇసుక రేణువు పది మీటర్ల లోతు దిగడానికి ఆరేడు నిమిషాలు చాలు. 20 మైక్రాన్ల సన్న ఒండ్రుకు దాదాపు ఏడు గంటలు పడుతుంది. ఈలోపు సెకనుకు 30 సెంటీమీటర్ల ప్రవాహం ఉంటే అది ఏడున్నర కిలోమీటర్లు వెళ్ళిపోతుంది. బంకమట్టి రేణువులు ఉప్పునీటిలో ముద్దకట్టి కొంత త్వరగా దిగుతాయన్న మాట నిజమే, కానీ అది కూడా ఇక్కడి మట్టితో పరీక్ష చేసి చూపాలి. సముద్రం నేలను తవ్వి పీల్చే పడవ, అంటే డ్రెడ్జర్, దాని తొట్టి నిండాక పైనుంచి పొర్లిపోయే నీటితోనే ఎక్కువ సన్న మట్టి సముద్రంలో కలుస్తుంది. ఇసుక తీసేటప్పుడు పొర్లనిస్తే తొట్టిలో సరుకు పెరుగుతుంది. బురద తీసేటప్పుడు పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు, మట్టి చాలావరకు నీటితోనే వెళ్ళిపోతుంది. అందుకే బురద నేల ఉన్న భాగంలో పొర్లించకూడదని అనుమతి షరతుల్లోనే రాయించాలి.

ఇక పరిమాణం. ఉదాహరణకు ఐదు కిలోమీటర్ల పొడవు, అడుగున 200 మీటర్ల వెడల్పు ఉన్న ఛానెల్ చుట్టూ నేలకంటే 4 మీటర్ల లోతున ఉందనుకోండి. దాన్ని 6 మీటర్లకు దించాలి. చాలామంది వేసే లెక్క 200 × 2 × 5000, అంటే 20 లక్షల ఘనపు మీటర్లు. కానీ మెత్తటి బురదలో గట్లు నిలువుగా నిలవవు. ఒకటికి ఏడు వాలు (మీటరు లోతుకు ఏడు మీటర్ల వెడల్పు) పెడితే ఆ గట్ల వాటా ఒక్కటే మరో 7 లక్షలు. దాని మీద డ్రెడ్జర్ అర మీటరు అదనంగా తవ్వుతుంది, ఎందుకంటే తొట్టి పడవకు సెంటీమీటర్ల లెక్కన ఆగడం చేతకాదు. అది ఇంకో 7.2 లక్షలు. మొత్తం 34.2 లక్షలు. నివేదికలో 20 లక్షలు చూసి సముద్రంలో పారబోసే చోటు నిర్ణయిస్తే మిగతా 14 లక్షలు ఎక్కడికి పోతాయి?

ఇంతకంటే పెద్ద చిక్కు ఆ తర్వాతి ఏళ్ళది. 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం కొత్తగా లోతు చేసే తవ్వకానికి పర్యావరణ అనుమతి కావాలి. ఏటేటా చేసే పూడికతీత మాత్రం మొదటి ప్రతిపాదనలో భాగమై, దానికి నిర్వహణ ప్రణాళిక వేసి అనుమతి తీసుకుని ఉంటే మళ్ళీ అడగక్కర్లేదు. అంటే ఏటా పూడిక ఎంత, దాన్ని ఎక్కడ వేస్తారు అన్న ప్రశ్నలు గట్టిగా అడిగే అవకాశం ఈ ఒక్కసారే. గుంట లోతయ్యేకొద్దీ అక్కడ నీటి వేగం తగ్గి పూడిక పెరుగుతుంది. పాత ఛానెల్‌లో ఏటా తీసిన పరిమాణాలు రేవు రికార్డుల్లో ఉంటాయి. తవ్వకానికి ముందూ తర్వాతా చేసిన సర్వే చార్టులతో సహా వాటిని అనుబంధంగా పెట్టమనాలి. పెట్టకపోతే కొత్త అంచనాకు ఆధారమే లేదు.

మట్టి పరీక్షలోనూ ఒక కిటుకు ఉంది. గ్రాబ్ అనే దవడలాంటి పరికరంతో తీస్తే వచ్చేది పైనున్న పది పదిహేను సెంటీమీటర్లే. అది నిన్నమొన్న పడ్డ ఒండ్రు. రెండు మీటర్లు తవ్వబోతుంటే మూడు మీటర్ల వరకు గొట్టం దించి కోర్, అంటే నిలువు మట్టి కడ్డీ, తీయాలి. దాన్ని పొరలుపొరలుగా కోసి భారలోహాలు, నూనె అవశేషాలు, ఓడల అడుగుకు పూసే పాత రంగుల్లోని టిన్ సమ్మేళనాలు చూడాలి. బొగ్గు దించే బెర్తుల ముందు నమూనాలు ఒత్తుగా, బయటి ఛానెల్‌లో పలచగా తీసినా ఫర్వాలేదు. అన్నీ సమాన దూరంలో తీయడం మ్యాపు మీద అందంగా కనిపిస్తుంది, అంతే.

ముత్తుకూరు, తోటపల్లి గూడూరు వైపు రొయ్యల రైతులకు ఇది నేరుగా తగిలే విషయం. ముఖద్వారం లోతయితే ఉప్పునీరు అడుగుపొరగా ఉప్పుటేరులో ఇంకా పైకి ఎక్కుతుంది. గుంటలకు నీళ్ళు తోడేది పోటు మీద, అంటే సరిగ్గా ఆ నీరు లోపలికి వచ్చే వేళకే. పంపులు ఉన్న చోట్ల ఉప్పుశాతం, మడ్డి నెలనెలా కొలిచి, తవ్వకం రోజుల్లో ఆ అంకెలు రైతుల ఫోన్లకు పంపాలి. వన్నామీ రకం రొయ్య ఉప్పు హెచ్చుతగ్గులను కొంత ఓర్చుకుంటుంది కానీ మడ్డి పట్టిన నీరు మొప్పలకు చేటు. ఊళ్ళ బోర్లలో ఉప్పు కూడా తవ్వకానికి ముందే రాసి పెట్టుకోవాలి. తర్వాత గొడవ వస్తే పోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

తీసిన మట్టిని ఒడ్డున పోస్తారా? 10 లక్షల ఘనపు మీటర్లను మూడు మీటర్ల ఎత్తున పరిస్తే 82 ఎకరాలు కావాలి. అందులోంచి దిగే నీరు సముద్రపు ఉప్పే. కట్ట లోపలివైపు నీరు ఇంకని పొర పరవకపోతే, తూము నీటిని తిరిగి సముద్రానికే చేర్చకపోతే పక్క వరిపొలం పోయినట్టే. మొలగొలుకుల వరి పండిన నేలకు ఈ సంగతి ఒకరు చెప్పాలా?

శుభ్రమైన ఇసుక దొరికితే మాత్రం దాన్ని లోతు సముద్రంలో పారేయడం శుద్ధ దండగ. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. లోతైన ఛానెల్ దాన్ని మధ్యలోనే మింగేస్తే రేవుకు ఉత్తరాన ఉన్న కోడూరు, మైపాడు వైపు తీరం కోసుకుపోయే ప్రమాదం ఉంది. విశాఖలో తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌కు తోలారు. ఇక్కడా ఇసుకను బురదతో కలపకుండా విడిగా తీసి రేవుకు ఉత్తరాన తీరానికి చేర్చాలి. ఉప్పుటేరు లేని రామాయపట్నంలో అయితే బురదకంటే ఈ ఇసుక లెక్కే ముఖ్యం.

పని ఎప్పుడు చేయాలన్నది తేలిక ప్రశ్న కాదు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. నేలను ఊడ్చుకుంటూ పీల్చే డ్రెడ్జర్ మూతిలో అవి పడితే బతకవు. మూతికి తాబేళ్ళను పక్కకు నెట్టే కవచం బిగించాలి, మూతి నేలకు తగలనిదే పంపు నడపకూడదు. ఏప్రిల్ 15 నుంచి చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం. అక్టోబరు తర్వాత తుఫాన్లు. మిగిలేది జూన్ నడిమి నుంచి సెప్టెంబరు దాకా, అదే మాకు మేలనిపిస్తుంది. కానీ జూన్ 14తో వేట నిషేధం ముగిసి బోట్లన్నీ అప్పుడే సముద్రం మీదకు వస్తాయి. కాబట్టి డ్రెడ్జర్ తిరిగే దారి, తేలే పైపులైను, పారబోసే చోటు వారం ముందే మత్స్యకారుల పాలేల్లో చెప్పి, తెగిన వలకు ఎవరు, ఎన్నాళ్ళలో డబ్బు కడతారో రాతపూర్వకంగా ఇవ్వాలి.

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు, తెలుగులో సారాంశం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఆ తెలుగు సారాంశంలో కొలతలు తీసిన తేదీలు, మొత్తం పరిమాణం, ఏటా పడే పూడిక, పారబోసే చోటు అక్షాంశ రేఖాంశాలు, ఈ నాలుగూ తప్పనిసరిగా ఉండేలా కలెక్టర్ గారు చూడాలని కోరుతున్నాం. సభను ఏప్రిల్ 15కూ జూన్ 14కూ మధ్య, వేట నిషేధ కాలంలో పెడితే బోట్లు ఒడ్డునే ఉంటాయి కాబట్టి మత్స్యకారులు వచ్చి మాట్లాడగలుగుతారు.

– సర్వే, డ్రెడ్జింగ్ పనులు తెలిసిన కొందరు పాఠకులు,
ముత్తుకూరు, నెల్లూరు జిల్లా