చేతుల ఎగ్జిమాకు చిట్కాలు రాసే ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆదివారం సంచికలో వచ్చే ఇంటి చిట్కాలను మా కర్రీ పాయింట్‌లో పనిచేసే ఆడవాళ్లు వదలకుండా చదువుతారు. ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు ఉల్లిగడ్డలు కోస్తూ వింటారు. పేపర్లో వచ్చిందంటే నమ్ముతారు, సాయంత్రం ఇంటికి పోయి చేసి చూస్తారు. చేతులకు వచ్చే ఎగ్జిమాకు, అంటే చర్మం దురదపెట్టి పగిలే జబ్బుకు, నిమ్మరసం రుద్దమనీ, ఎల్లిగడ్డ ముద్ద పట్టించమనీ ఎక్కడ చూసినా చెబుతున్నారు. ఫోన్లో వీడియోలు సరేసరి. పేపర్లోనైనా అట్లాంటివి జాగ్రత్తగా రాయాలని అడగడానికే ఈ ఉత్తరం.

నాది హన్మకొండ. మా పని తెల్లవారకముందే అల్లం, ఎల్లిగడ్డ పొట్టు తీయడంతో మొదలవుతుంది. తర్వాత టమాటాలు, చింతపండు పిసకడం, కాకరకాయ ముక్కలకు ఉప్పు పట్టించి పిండడం, మధ్యమధ్యలో జిడ్డు గిన్నెలు. చెయ్యి తడి ఆరేదే ఉండదు. నాకు ముందు పాడైంది ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు, అదీ కొసలు మాత్రమే. ఎల్లిగడ్డ రెబ్బను పట్టుకునేది ఆ మూడు వేళ్లే కదా. కుడి చేతిలో కత్తి ఉంటుంది కాబట్టి అది బాగానే ఉంది. కొసల దగ్గర చర్మం మందంగా గట్టిపడి, పొట్టు లేచి, గీతల వెంబడి చీలి నెత్తురు కనబడేది. రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడేది కాదు. తుడిచి పెట్టు, గట్టిగా నొక్కు అంటాడు డీలర్. వెనక లైన్లో వాళ్ల విసుగు వేరే.

చెప్పని వాళ్లు లేరు, చెప్పని మందు లేదు. మా అత్తమ్మ వేపాకు ఉడికించిన నీళ్లలో చేతులు పెట్టించింది. పెట్టినంతసేపు దురద తగ్గినట్టే ఉండేది, ఆరిన తర్వాత చర్మం ఇంకా బిగుసుకుపోయేది. పసుపు పగుళ్లలోకి దిగి మండింది. కలబంద కోసిన వెంటనే కారే పసుపు రసం పోనిచ్చి లోపలి గుజ్జు రాస్తే చల్లగా ఉండేది, అంతకుమించి ఏం లేదు. మంచి కొబ్బరి నూనె ఒక్కటే పనికొచ్చింది. అది కూడా పగలంతా నీళ్లలో నానుతూ రాత్రి ఒక్కసారి రాస్తే సరిపోలేదు, చేతులు కడిగిన ప్రతిసారీ తుడుచుకొని రాస్తేనే పగుళ్లు మెత్తబడ్డాయి.

మా దగ్గర పనిచేసే ఒక చెల్లె వీడియో చూసి ఎల్లిగడ్డ నూరి వేళ్లకు గుడ్డ కట్టుకొని పడుకుంది. పొద్దున విప్పితే బొబ్బలు. నిప్పు తగిలితే ఎట్లా కాలుతుందో అట్లాగే కాలిందని డాక్టరమ్మ చెప్పింది. చేతులకు రోగం తెచ్చిన ఎల్లిగడ్డనే మందని కట్టుకుంది, పాపం. నిమ్మరసం రాసుకొని ఎండలోకి పోతే చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి. జిల్లేడు పాల సంగతి చెప్పనే అక్కర్లేదు, అవి మంచి చర్మాన్నే పుండు చేస్తాయి.

ఇంకో బెడద మెడికల్ షాపు ట్యూబులు. చెయ్యి చూపిస్తే చాలు, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన క్రీమ్ ఇచ్చి పంపుతున్నారు. రాసిన నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, ఆపగానే రెట్టింపై తిరగబెడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడుతుంది. ఉన్నది ఎగ్జిమా కాక ఫంగస్ అయితే స్టెరాయిడ్‌తో అది ఇంకా పాకుతుంది. ఈ స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం రూల్ పెట్టింది. అదే స్టెరాయిడ్‌ను డాక్టర్ చూసి, ఏ రకం, ఎన్ని రోజులు అని చెప్పి రాస్తే మంచి మందే. చూపుడువేలి చివరి గణుపు పొడవున పిండినంత క్రీమ్ వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుందని నాకు డాక్టరమ్మే చూపించింది.

ఆమె చెప్పిన మిగతా సంగతులు కూడా మీ పాఠకులకు పనికొస్తాయి. ఎగ్జిమా అంటుకునేది కాదు. నా చెయ్యి చూసి కూర వద్దని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు, అందుకే ఈ మాట గట్టిగా రాస్తున్నాను. అయితే రసి కారుతున్నా, చీము పట్టినా వంటకు దూరంగా ఉండాల్సిందే. మా దగ్గర అట్లాంటి రోజుల్లో బిల్లింగ్ దగ్గర కూర్చోబెడతాను, కూలి మాత్రం కోయను. రాత్రిపూట వేళ్ల సందుల్లో దురద పెరిగి, ఇంట్లో అందరూ గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. దాని మందు వేరు, ఇంట్లో అందరూ ఒకేసారి వాడాలి. గిన్నెలు తోమేటప్పుడు లోపల నూలు గ్లోవ్స్, పైన రబ్బరు గ్లోవ్స్ వేసుకోవాలి, లోపలివి చెమటకు తడిస్తే మార్చాలి. ఎల్లిగడ్డ ఘాటు మాత్రం పలుచని గ్లోవ్స్‌లోంచి కూడా దిగుతుంది. అందుకని మేము ఆ పనికి వంతులు పెట్టుకున్నాం. రాత్రి పడుకునే ముందు పెట్రోలియం జెల్లీ దండిగా రాసి నూలు గ్లోవ్స్ వేసుకుంటే తెల్లారేసరికి తేడా తెలుస్తుంది. ఖరీదైన క్రీములు అక్కర్లేదు.

ఇంటి వైద్యం వద్దని నేను అనడం లేదు. కొబ్బరి నూనె మన ఇంట్లోదే. నేను అడిగేది ఇంతే. చర్మానికి సంబంధించిన ఏ చిట్కా వేసినా ముందు ఒక చర్మవ్యాధుల డాక్టర్‌కు చూపించండి. పగిలిన చర్మం మీద, పుండు మీద పెట్టకూడనివి ఏమిటో ఆ చిట్కా కిందనే అదే సైజు అక్షరాల్లో వేయండి. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఏ రోజుల్లో, ఎన్ని గంటలకు ఉంటుందో కనుక్కొని జిల్లా పేజీలో ఇవ్వండి. రోజు కూలి పోగొట్టుకొని వెళ్లేవాళ్లకు ఆ ఒక్క వివరం తెలియకనే మెడికల్ షాపు దగ్గర ఆగిపోతున్నారు.

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి ఏరే, తొడిమలు తీసే ఆడవాళ్ల గురించి కూడా రాయండి. మిర్చి ఘాటు ఉత్త నీళ్లకు పోదు. ముందు నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. ఈ సంగతి తెలియక మంట మీద మంటగా నీళ్లు పోసుకుంటుంటారు. సీజన్ మొదలయ్యేలోపే వేస్తే వాళ్లకు మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
ఒక కర్రీ పాయింట్ నిర్వాహకురాలు,
హన్మకొండ