నా లేజర్‌కు ట్రంకు పెట్టె కుదిర్చినవాళ్లకు

లేజర్ వెలుగు ఎవరి కంట్లోనూ పడకుండా మిషన్‌ను ఎలా మూయాలని పోయిన నెల నేను కంగారులో అడిగిన ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పినవాళ్లకు, ఇంటికి వచ్చి మరీ చెయ్యి వేసినవాళ్లకు ఈ నాలుగు మాటలు. పేర్లు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు.

నాది కడపలో అద్దె ఇల్లు. చెక్క మీద పేర్లు చెక్కడానికి 5 వాట్ల నీలం లేజర్ మిషన్ కొన్నాను. చుట్టూ ఏ మూతా ఉండదు దానికి. సరదాకు స్టీల్ టిఫిన్ మూత మీద మా అమ్మ పేరు చెక్కుతుంటే నీలం చుక్క ఎగిరి గుమ్మం పక్క గోడ మీద పడింది. రెండు నిమిషాల ముందు అక్కడే ఓనర్ గారి మనవడు నిలబడి చూస్తున్నాడు. వాడికేమీ కాలేదు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదటి దండం ఫిజిక్స్ లెక్చరర్ సార్‌కు. మిషన్ మీద మూయడానికి అట్టపెట్టెకు కిటికీ కోసి, దానికి నారింజ రంగు జిలెటిన్ కాగితం అంటించి గొప్పగా చూపిస్తే, "ఏం నాయనా, కండ్లు రెండే కదా ఉండేది" అన్నారు. అర వాటు దాటిన లేజర్ నాలుగో తరగతి, అంటే అన్నిటికన్నా ప్రమాదమైన తరగతి కిందికి వస్తుందట. అద్దం లాంటి దాని మీంచి తిరిగొచ్చే కిరణమే కాదు, చెక్క మీద పడి చెదిరిన వెలుగు కూడా దగ్గర్నుంచి చూస్తే ప్రమాదమే. కిరణం కంట్లో పడితే రెప్ప వేసేలోపే రెటీనా కాలుతుంది, నొప్పి కూడా తెలియదు.

నారింజ రంగు నీలాన్ని ఆపేది నిజమే. కానీ ఎంత ఆపుతుందో రాసి అమ్మే అక్రిలిక్ షీటు వేరు, జిలెటిన్ వేరు. నేను ఇంకో ఉపాయంగా తెచ్చిన గ్యాస్ వెల్డింగ్ కళ్లద్దాలనూ పక్కన పెట్టించారు. కళ్లద్దాల మీద తరంగదైర్ఘ్యం (నా మిషన్‌ది 450 నానోమీటర్లు), ఓడీ అంకె (ఆ వెలుగును ఎంత ఆపుతుందో చెప్పేది) రెండూ ఉండాలి. ఓడీ 4 అంటే పదివేలలో ఒక వంతే లోపలికి వస్తుంది. 5 వాట్లు అర మిల్లీవాటు అవుతుంది.

తర్వాత ఆయనే, "అసలు నీకు కిటికీ ఎందుకు? రేకు ఏ రంగునూ వదలదు కదా" అన్నారు. అంతే, ట్రంకు పెట్టెల అంగడికి పోయాను. భాయ్ "పెండ్లి ఎవరికి?" అని అడిగి, సంగతి విని నవ్వి, సొట్ట పడిన పెద్ద పెట్టె ఒకటి సగం ధరకే ఇచ్చారు. లోపల తళతళ పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దించి, బైక్ సైలెన్సర్లకు కొట్టే మ్యాట్ నలుపు పెయింట్ కొట్టించారు. మామూలు నలుపైతే మెరుస్తుంది, వేడికి పొక్కుతుంది కూడా. అడుగున గరుకు నాపబండ పరిచాం. కడపలో ఉండి బండకు కొదవా! పాలిష్ బండ మాత్రం వద్దన్నారు సార్, అదీ అద్దమే అవుతుందని.

పొగ పోవడానికి ఫ్యాను పెట్టి, గొట్టానికి రెండు వంపులు ఇచ్చాం. గాలి వంపు తిరుగుతుంది, వెలుగు తిరగదు. మూత ఎత్తగానే మిషన్‌కు కరెంటు తెగిపోయేలా స్విచ్ పెట్టింది ఎలక్ట్రికల్ షాపు తమ్ముడు. డబ్బులు వద్దని, వాళ్ల పాప పేరుతో కీచైన్ అడిగాడు. చేసి ఇచ్చాను.

రాత్రి లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చి వెలిగించి పెట్టెలో పెట్టి మూశాం. కీళ్ల దగ్గర సన్నటి గీతలా వెలుగు కనబడింది. అక్కడ రేకు పట్టీ వేసింది మేడ మీది అక్క, డ్రిల్ మిషన్ కూడా తనదే. లోపల జరిగేది చూడటానికి పాత ఫోన్ కెమెరా పెట్టాను. పెట్టె ఉంది కదా అని మిషన్ వదిలేసి మాత్రం పోను, లోపల చెక్క అంటుకోవచ్చు.

పెట్టె, పెయింటు, స్విచ్చు, ఫ్యాను అన్నీ కలిపి రెండు వేలు దాటలేదు. ఓనర్ గారి మనవడు ఇప్పుడు ఫోన్‌లో చూస్తూ "అన్నా, నా పేరు ఎప్పుడు?" అంటున్నాడు.

అక్కా, నీ డ్రిల్ మిషన్ ఆదివారం తప్పకుండా తెచ్చిస్తా.